అచ్చు గట్టిపడేదాకా

భద్రాచలంలో నేను క్లినిక్ పెట్టిన కొత్తలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పన్ను పీకించుకోవడానికే వచ్చేవారు. నొప్పి పుడితే వస్తారు, పీకేస్తే వెళ్లిపోతారు. పోయిన పన్ను చోట మళ్లీ ఒకటి పెట్టుకోవచ్చన్న ఆలోచన ఎవరికోగానీ ఉండేది కాదు. అందుకే ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి, చేతిరుమాలు విప్పి, కింది వరస కట్టుడుపళ్ల సెట్టును నా బల్ల మీద పెట్టి మాట్లాడిన తీరు నాకు బాగా గుర్తుండిపోయింది.

"దీన్ని నోట్లె నిలవెట్టే ఉపాయం ఏమన్న ఉంటే చెప్పు డాక్టరమ్మా. లేదంటవా, పొయ్యేటప్పుడు గోదాట్ల ఏసి పోత."

ఆవిడ రిటైరైన నర్సు. ఉద్యోగమంతా గోదావరి అవతల, శబరి ఒడ్డున ఉన్న అడవి పల్లెల్లోనే గడిచింది. మంచుగడ్డలు పెట్టిన టీకాల డబ్బా భుజాన వేసుకుని, పడవలు దాటి, డొంకదారుల్లో నడిచి, పసిపిల్లలకు సూదులు వేసి, పురుళ్లు పోసి వచ్చిన మనిషి. కోయ భాష తెలుగంత ధారాళంగా మాట్లాడేది. ఊళ్లో అందరికీ నర్సమ్మే, నాకూ నర్సమ్మే అయింది. ఆవిడ వెనకాలే గొడుగు పట్టుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్న సన్నటి, పొడుగాటి మనిషి ఆవిడ భర్త. సారపాక కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ను ఏదైనా అడిగితే జవాబు నర్సమ్మే చెప్పేది. ఆయనకు షుగర్ ఉందా అని నేను అడిగితే కూడా ఆయన తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

చిగుళ్ల జబ్బుతో ఆవిడ పళ్లన్నీ ఊడిపోయాయి. పై సెట్టు అంగిలికి పట్టుకుని నిలుస్తుంది కాబట్టి దానితో బాధ లేదు. కింది చిగురు మాత్రం అరిగి చదునైపోయింది. నాలుక కదిలితే చాలు, సెట్టు పైకి లేచేది. ఒకసారి ఒక గూడెంలో బాలింత ఇంటి ముందు కూర్చుని పాలు పట్టే తీరు చెబుతుంటే సెట్టు ఎగిరి ఒళ్లో పడిందట. పక్కనున్న చిన్నపిల్ల నర్సమ్మ నోరు ఊడిపోయిందని కేకపెట్టి పరుగెత్తిందట. ఆ సంగతి చెబుతూ ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ మెల్లగా అంది: "నవ్విన్రని కాదు బిడ్డా. మాట్లాడేటప్పుడల్ల నా పాణం పండ్ల మీదనే ఉంటది. ఇంగ ఎదుటోళ్లు చెప్పేది నాకేడ ఇనవడ్తది? అందుకే ఆ దిక్కు పోవుడే బందు చేసిన."

రిటైరైనా ఆవిడ పల్లెలకు వెళ్లడం మానలేదట. వెళ్లకుండా చేసింది ఈ కింది సెట్టే.

ఇంప్లాంట్ల గురించి చెప్పాను. దవడ ఎముకలో చిన్న టైటానియం స్క్రూలు బిగిస్తారు, కొన్ని నెలలకు ఎముక వాటిని పట్టేసుకుంటుంది, వాటి మీద కదలని పళ్లు కట్టవచ్చు అన్నాను. ఆవిడ ఒక్కో మాటా విని, ఎముక తన వయసులో పట్టుకుంటుందా అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే అది. ఎక్స్‌రే తీశాం. గడ్డం దగ్గర ఎముక బాగానే ఉంది. ఖమ్మంలో నాకు తెలిసిన సర్జన్ ఆవిడ కింది దవడలో నాలుగు ఇంప్లాంట్లు పెట్టాడు. ఆపరేషన్ అప్పుడు ఆవిడ చెయ్యి కూడా బిగించలేదని, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తల్లాడ దాకా నిద్రపోయిందని తర్వాత తెలిసింది.

నెలలు గడిచాయి. గాయాలు మానాయి. ఇక నా వంతు వచ్చింది. నోట్లో ఆ నాలుగు స్క్రూలు ఎక్కడెక్కడ, ఎంత వాలుగా ఉన్నాయో అచ్చు తీయాలి. మామూలు పన్నయితే కొంచెం కదులుతుంది, సర్దుకుంటుంది. ఎముకలో పాతుకున్న ఇంప్లాంటు వెంట్రుకంత కూడా జరగదు. మీద కట్టేది నాలుగింటి మీదా సమంగా కూర్చోకపోతే ఎప్పుడో ఒకనాడు స్క్రూ వదులవుతుంది, లేదా విరుగుతుంది. అందుకే ఆ అచ్చు గురించి నాకు లోపల భయం ఉండేది. ఇంప్లాంట్ల మీద కడ్డీల్లాంటి చిన్న పోస్టులు బిగించి, దవడ ఆకారంలో ఉండే తట్టలో మెత్తటి ముద్ద నింపి నోట్లో పెట్టి, అది గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోవాలి.

తట్ట నోట్లో పెట్టానో లేదో, నర్సమ్మ నా మణికట్టు పట్టుకుని లాగేసింది. ఆవిడ చేతిలో అంత బలముందని నాకు తెలియదు. ముద్ద తెగి సగం తట్టలో, సగం నోట్లో ఉండిపోయింది. వాష్‌బేసిన్ మీద వంగి చాలాసేపు నోరు కడుక్కుంది. చాలామందికి వాంతి వచ్చినట్టవుతుంది, అదే అనుకున్నాను. నాలుక కొసన ఉప్పు వేశాను. ముక్కుతో గాలి పీల్చమన్నాను, కాలు ఎత్తి పట్టమన్నాను, మత్తు స్ప్రే కొట్టాను. రెండోసారి తట్ట పెదవుల దగ్గరికి రాగానే ఆవిడ ముఖం తెల్లబారింది. కుర్చీలోంచి లేచి కొంగుతో ముఖం తుడుచుకుని, ఇంకోనాడు చూద్దాంలే అని వెళ్లిపోయింది. భర్త గొడుగు తీసుకుని వెనకే వెళ్లాడు.

ఆ ఇంకోనాడు రాలేదు. ఫోన్ చేస్తే పొలం పనులని, చుట్టాలు వచ్చారని చెప్పేది. ఒక ఆదివారం వంతెన దాటి నేనే సారపాకలో వాళ్లింటికి వెళ్లాను. రోడ్డు పొడుగునా జామాయిల్ కర్ర లారీలు మిల్లు గేటు కోసం ఆగి ఉన్నాయి. వాళ్లిల్లు మిల్లుకు కొంత దూరంలో, రెండు గదులూ ఒక వరండా. నర్సమ్మ నన్ను చూసి కొంచెం సిగ్గుపడింది. చాయ్ పెట్టి, గ్లాసు నా చేతికిచ్చి, అడగకుండానే చెప్పుకొచ్చింది.

చాలా ఏళ్ల కిందట శబరి దాటుతుంటే పడవ తిరగబడిందట. వానాకాలం, ఎర్రనీళ్లు. ఆవిడ నీళ్లలోకి వెళ్లి అడుగున ఒండ్రులో పడింది. అరవబోయి నోరు తెరిస్తే నోటినిండా ఒండ్రు. టీకాల డబ్బా పట్టీ భుజానికి ఉండబట్టి, ఆ డబ్బా పైకి తేలుతూ ఆవిణ్ణి కూడా పైకి లాగింది. డబ్బాను కావలించుకుని కొట్టుకుపోతుంటే కింద వలలు వేసేవాళ్లు చూసి ఒడ్డుకు లాగారు.

"వాండ్లు నా నోట్లెకెల్లి మట్టి తీసిన్రు," అంది. "నీ ముద్ద పెట్టంగనే గదే యాదికొచ్చింది. గట్లనే చల్లగ, గట్లనే నిండుగ. నేను పిల్లలకు ఎన్ని సూదులేసిన, ఎంత ధైర్యం చెప్పిన! నాకు చెప్పుకునేతందుకు ఏం దొరకలే."

తర్వాత వరండా చివర కూర్చున్న భర్త వైపు చెయ్యి చూపించి కొంచెం తేలికపడ్డ గొంతుతో అంది: "ఈయన నన్ను తోల్కపోయేతందుకు సైకిల్ ఏసుకోని అంత అయిపోయినంక వచ్చిండు. ఇప్పటికీ అంటుంట, పెండ్లాం మునిగిననాడు గూడ లేటేనా అని." ఆయన నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

అంతకు కొంతకాలం ముందు హైదరాబాద్‌లో దంతవైద్యుల సమావేశంలో ఒక యంత్రం చూశాను. ముద్ద అక్కర్లేదు. చిన్న కెమెరాను నోట్లో తిప్పితే పళ్ల బొమ్మ కంప్యూటర్‌లో తయారవుతుంది. మన దేశంలో అప్పటికి ఏ కొద్దిచోట్లో ఉండేది. నా క్లాస్‌మేట్ ఒకతను పనిచేసే ఆసుపత్రిలో అది ఉందని తెలిసి ఫోన్ చేశాను. ఇంప్లాంట్లకు ఒకటి రెండు పళ్ల వరకు చేశామని, మొత్తం దవడకు ఎప్పుడూ చేయలేదని, అయినా తీసుకురమ్మని అన్నాడు. నర్సమ్మకు చెప్పాను. ముద్ద లేదనగానే ఆవిడ ముఖం వికసించింది.

ముగ్గురం పొద్దున్నే బస్సెక్కాం. పాల్వంచ, కొత్తగూడెం దాటాక ఆవిడ సంచిలోంచి సర్వపిండి తీసింది. నాకూ భర్తకూ ఇచ్చి, తన ముక్కను చాయ్‌లో నానబెట్టుకుని తిన్నది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ఆయన వింటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో అన్నీ కొత్తగా, తెల్లగా ఉన్నాయి. నా క్లాస్‌మేట్ ఇంప్లాంట్ల మీద కెమెరాకు ఆనవాలుగా గుర్తుపోస్టులు బిగించి, చిగుళ్లు తడికి మెరవకుండా తెల్లటి పొడి చల్లి, లావుపాటి కెమెరా పిడిని నోట్లో పెట్టాడు. నర్సమ్మ ఏమాత్రం జంకలేదు. తెర మీద తన దవడ కొంచెం కొంచెంగా కనబడుతుంటే కళ్లు పక్కకు తిప్పి చూడసాగింది. మధ్యలో ఆపమని సైగ చేసి, అది తన ఎముకేనా అని అడిగింది. కాదు, చిగురు అని చెప్పాం. నేలలాగే ఉందని అన్నది.

ఇబ్బంది ఆ నేల దగ్గరే వచ్చింది. కెమెరా చిన్న చిన్న బొమ్మలు తీసి ఒకదానికొకటి అతికించుకుంటూ పోతుంది. పళ్లుంటే వాటి ఎత్తుపల్లాలు చూసి దారి గుర్తుపడుతుంది. ఇక్కడ ఉన్నది నున్నటి చిగురు, దూరదూరంగా నాలుగు పోస్టులు. ఎంగిలి ఊరి పొడి కరిగిపోతోంది, నాలుక కదులుతోంది. ఒక వైపు నుంచి రెండో వైపుకు వచ్చేసరికి యంత్రం తప్పిపోయేది. ఒకసారి తీసిన బొమ్మకూ మరోసారి తీసిన బొమ్మకూ పోస్టుల మధ్య దూరం కలవలేదు. నా క్లాస్‌మేట్ మళ్లీ మొదటినుంచి చేశాడు. చివరికి చేతి తొడుగులు తీసేసి, ఒకటి రెండు పళ్లకైతే పూచీ పడతానుగానీ మొత్తం దవడకు ఈ బొమ్మను నమ్మి పళ్లు కట్టలేనని నిజాయితీగా చెప్పాడు. నాలుగైదేళ్లు ఆగితే యంత్రాలు బాగుపడతాయన్నాడు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అంత దూరం ఆశపెట్టి తీసుకెళ్లానే అనిపించింది. నర్సమ్మ అది కనిపెట్టింది. సీటులో నా వైపు జరిగి నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. సూర్యాపేట దాటేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

"బిడ్డా, సూదికి భయపడే పిలగాండ్లకు నేనేం చేసేదాన్నో ఎర్కనా? ఖాళీ సిరంజి వాండ్ల చేతికే ఇచ్చేది. నీళ్లు పోసుకోని ఆడుకుందురు. నీ ముద్ద నా చేతికియ్యి. తట్ట గూడ ఇయ్యి. ఇంటికాడ పెట్టుకోని చూస్త."

నాకు ఒక్కసారి ప్రాణం లేచి వచ్చింది. అలా అలవాటు చేయించే పద్ధతి మా చదువులోనూ ఉంది. నేను దాన్ని పిల్లలకే అనుకున్నాను. భద్రాచలం చేరాక ఆవిడ దవడకు సరిపడా చిన్న తట్ట చేయించాను. వెనక వైపు వీలైనంత కత్తిరించి, ముద్ద గొంతు దాకా జారకుండా అంచు కట్టించాను. దానితోపాటు ముద్ద తయారుచేసే రెండు రంగుల డబ్బాలు కూడా ఆవిడ సంచిలో పెట్టాను.

నర్సమ్మ రోజూ ఖాళీ తట్టను నోట్లో పెట్టుకుని వరండాలో కూర్చునేదట. మొదట్లో పెట్టిన వెంటనే తీసేసింది. తర్వాత పెట్టుకుని బియ్యం ఏరేది, వాకిలి ఊడ్చేది. ముద్దను చపాతీపిండిలా పిసికి, అది చేతిలోనే గట్టిపడటం చూసి, పక్కింటి పిల్లలకు కోళ్లూ బాతులూ చేసిచ్చింది. ఒకరోజు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది.

ఆ రోజు కుర్చీ వెనక్కి వాల్చలేదు. నిటారుగా కూర్చోబెట్టాను. పోస్టులు బిగించి, అవి జరగకుండా ఒకదానికొకటి కలిపి కట్టాను. ముద్ద పిసికే పని ఆవిడకే ఇచ్చాను. రంగు అంతా ఒకటయ్యేదాకా పిసికి, సరిపోయిందా అని చూపించి, నా చేతికిచ్చింది. భర్తను కూడా లోపలికి పిలిచింది. ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

తట్ట పెట్టాను. ఆవిడ వేళ్లు ఆయన చేతిలో బిగిశాయి. కళ్లు పెద్దవయ్యాయి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. రెండు వేళ్లతో తట్టను నొక్కిపట్టి, ఇంకొంచెంసేపేనమ్మా అంటున్నాను. ఆవిడ భుజాలు లేస్తున్నాయి. మళ్లీ లాగేస్తుందని నాకు అర్థమవుతోంది. ఆవిడకు అవసరమైనప్పుడల్లా దొరికే మాట ఇప్పుడు లేదు. నోరు నిండి ఉంది.

అప్పుడు ఆయన మాట్లాడాడు.

"ఆ దినం నేను లేటుగ రాలే."

నర్సమ్మ కళ్లు ఆయన వైపు తిరిగాయి.

"రేవుకాడ ముందుగాలనే ఉన్న," అన్నాడు. గొంతు బొంగురుగా, అలవాటు లేనట్టుగా ఉంది. "పడవ ఒరుగుడు చూసిన. నువ్వు కనవడలే. డబ్బా కనవడ్డది. నాకు ఈత రాదాయె. డబ్బా ఎంబడి ఒడ్డు పట్టుకోని ఉరికిన. పిలుస్తనే ఉన్న. నీకు ఇనవడ్డదో లేదో."

ఆవిడ కదలలేదు. భుజాలు కిందికి దిగాయి.

"నిన్ను వాండ్లు ఒడ్డుకు గుంజిన్రు. నువ్వు దగ్గుడు ఇన్న. గంతే. తుప్పల ఎనక కూలవడ్డ. ఏడ్పు ఆగలే. నలుగురిల గట్ల ఎట్ల వస్త? ఏడ్పు ఆగినంక మొకం కడుక్కోని సైకిల్ పట్టుకోని వచ్చిన. ఇప్పుడా వచ్చేది అన్నవ్. నేను ఊకున్న."

ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారి చెంపల మీదుగా నా తొడుగుల మీద పడుతున్నాయి. తుడవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. ఆయన తన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. ముద్ద ఎప్పుడో గట్టిపడింది. నేనే గడియారం చూడటం మరిచిపోయాను. తట్ట కన్నాల్లోంచి పోస్టుల స్క్రూలు విప్పి, తట్టను మెల్లగా పైకెత్తాను. అచ్చు శుభ్రంగా వచ్చింది. నాలుగు పోస్టులూ దాని లోపల గట్టిగా కూర్చుని ఉన్నాయి.

నర్సమ్మ నోరు కూడా కడుక్కోలేదు. "గిన్నేండ్ల నుంచి తిడ్తున్న గద," అంది. "ఒక్కపారన్న చెప్పకపోతివి."

"నువ్వు తిడ్తున్నవంటే ఉన్నవన్నట్టే గద," అన్నాడాయన.

నేను అచ్చు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లాను. దాన్ని కడగాల్సిన పనీ, పోత పోయాల్సిన పనీ ఉన్న మాట నిజమే. కానీ ఆ పని అంత నిదానంగా నేను మళ్లీ ఎప్పుడూ చేయలేదు. ప్లాస్టర్ లాంటి రాతిపొడి కలిపి, బుడగలు రాకుండా అచ్చులో పోసి, అది ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. గోడ అవతల వాళ్ల మాటలు వినిపించాయిగానీ ఏమనుకున్నారో తెలియదు. ఈసారి రెండు గొంతులు వినిపించాయి.

ల్యాబు నుంచి పళ్లను మోసే లోహపు చట్రం వచ్చిన రోజు మిగతావాళ్లను సాయంత్రం రమ్మని పంపేశాను. ఒక చివర స్క్రూ బిగించి, రెండో చివర లేస్తుందేమో చూశాను. లేవలేదు. నాలుగింటి మీదా కూర్చుంది. మరికొన్ని వారాలకు పళ్లు కూడా వచ్చాయి. బిగించి అద్దం ఇస్తే నర్సమ్మ చూసుకోలేదు. నాలుకతో ఒకసారి తడిమి చూసుకుని, కోయలో ఏదో అంది. తర్వాత ఇంకా గట్టిగా, వేగంగా మరేదో అంది. పళ్లు కదల్లేదు. ఏమన్నారని అడిగితే, ఏం లేదు, మా మేకలు ఎక్కడికి పోయినయని అడుగుతున్నానని నవ్వింది.

కష్టాలు పూర్తిగా తీరలేదు. చట్రం కింద దారంతో శుభ్రం చేసుకోమంటే బద్ధకించేది. చిగురు వాచి వస్తే నేను కోప్పడేదాన్ని. పిల్లలకు చెయ్యి కడుక్కోమని చెప్పిన నోటితో ఇదేంటమ్మా అంటే తలవంచుకునేది. ఆ కెమెరా యంత్రం తర్వాత్తర్వాత చాలా మెరుగుపడింది. నా దగ్గరికీ వచ్చింది. ఒకటి రెండు పళ్లకు దాన్నే వాడతాను, ముద్ద అంటే భయపడేవాళ్లు దండం పెడతారు. పళ్లు లేని దవడకు మాత్రం ఆ రోజుల్లో ముద్దనే నమ్ముకున్నాను. ఏది వాడినా, ముందు కుర్చీలోని మనిషికి తట్టో కెమెరానో చేతికిచ్చి, కాసేపు చూసుకోనిస్తాను.

కొత్త పళ్లు పెట్టిన మరుసటి చలికాలం నర్సమ్మ నన్ను కూనవరం అవతల ఒక గూడేనికి తీసుకెళ్లింది. పళ్లు తోముకోవడం గురించి రంగు బొమ్మల చార్టులు మోసుకెళ్లాను. వాటిని ఎవరూ చూడలేదు. చింతచెట్టు కింద ఆడవాళ్లంతా నర్సమ్మ చుట్టూ మూగారు. ఆవిడ మాట్లాడుతుంటే వాళ్లు పగలబడి నవ్వుతున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో ఒక ముసలమ్మ ముందుకు వచ్చి, ఏమాత్రం మొహమాటం లేకుండా నర్సమ్మ నోట్లో వేలు పెట్టి, కింది పళ్లు పట్టుకుని గుంజింది. నర్సమ్మ నోరు తెరిచి ఓపికగా కూర్చుంది. ముసలమ్మ ఇంకోసారి గుంజి, తృప్తిపడి, నా వైపు తిరిగి ఏదో అడిగింది.

"నాకు గూడ పెడ్తవా అంటుంది," అని నర్సమ్మ చెప్పింది.

ఎముక ఎలా ఉందో చూడాలి అన్నాను. ఆ మాట నర్సమ్మ కోయలోకి మార్చేలోపే ముసలమ్మ నా ఎదురుగా గొంతుక్కూర్చుని, ఎండ వైపు తలెత్తి, నోరు తెరిచింది. నేను బోరింగు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాను.